కొల్లేటి కథనాల్లో నీటిమట్టం – నేలహక్కు: ఒక పరిశీలన

అంతూపొంతూ లేకుండా సాగే వ్యవహారాన్ని 'కొల్లేటి చాంతాడు' అనడం తెలుగు నుడికారంలో స్థిరపడింది. చాంతాడు లోతైన బావికి కావలసిన సాధనం. కొల్లేరు లోతైనది కాదు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లపు నేలలో పరచుకొన్న ఈ మంచినీటి సరస్సులో వేసవి నాటికి చాలా చోట్ల మనిషి కాలినడకన పోగలడు. నుడికారం పట్టుకొన్నది సరస్సు విస్తృతిని మాత్రమే. విస్తృతి ఉండి లోతు లేకపోవడమే కొల్లేటి సామాజిక చరిత్రకు మూలం. లోతైన సరస్సులో నీరు అడుగు తగ్గితే ఒడ్డు కొద్దిగా జరుగుతుంది. కొల్లేటిలో అడుగు నీరు తగ్గితే వేల ఎకరాల నేల బయటపడుతుంది. అడుగు పెరిగితే అంత నేలా మాయమవుతుంది. కాబట్టి ఇక్కడ నీటిమట్టాన్ని గూర్చి ఎవరు ఏ నిర్ణయం చేసినా అది భూమిని గూర్చిన నిర్ణయమే అవుతుంది.

కొల్లేటి నేపథ్యం గల రచనలను 'పర్యావరణ సాహిత్యం' అన్న విభాగంలో చేర్చి, ప్రకృతికీ మనిషికీ మధ్య చెడిన సామరస్యాన్ని చిత్రించినవిగా చదవడం ఇటీవలి విమర్శలో బలపడిన పద్ధతి. ఆ పఠనం తప్పని చెప్పలేము గాని, అది ఒక ప్రశ్నను అడగదు: సరస్సులో నేల ఎవరిది? అభయారణ్యంగా ప్రకటించిన ప్రాంతంలో భూమి ఏ విధంగా వినియోగమైనదో నిర్ణయించినది ప్రకృతి కాదు. కులం, అప్పు, కౌలు, పట్టా, సంఘ సభ్యత్వం వంటి సామాజిక ఆర్థిక బంధాలే దానిని నిర్ణయించాయి. ఈ బంధాలను పక్కన పెట్టి చదివినప్పుడు కొల్లేటి కథనం ఒక విలాపంగా మిగులుతుంది. వాటిని కలుపుకొని చదివితే అదే కథనం ఒక భూచరిత్రగా కనిపిస్తుంది. ఒక ప్రాచీన కావ్యకథ, ఒక స్థానిక ఐతిహ్యం, ఒక ఆధునిక నవల, వాటితోపాటు ప్రభుత్వ పత్రాల పరిభాష ఆధారంగా ఈ వ్యాసం ఆ రెండవ పఠనాన్ని ప్రతిపాదిస్తుంది.

ఒడ్డున బిలం, కోట ముందు ఏరు

దండి దశకుమారచరితంలోని మంత్రగుప్తుని కథ తెలుగు పాఠకులకు కేతన అనువాదం ద్వారానూ పరిచితమే. ఆంధ్రనగరానికి సమీపంలో సముద్రాన్ని తలపించే ఒక సరస్సు ఆ కథకు రంగస్థలం. చరిత్రకారులు దానిని వేంగీ ప్రాంతపు కొల్లేరుగా గుర్తించడం పరిపాటి. కొల్లేటి ప్రాచీనతకు, అందానికి సాక్ష్యంగా ఈ ప్రస్తావనను ఎత్తిచూపడమూ పరిపాటే. కాని ఆ కథలో సరస్సు చేసే పని వర్ణనకు పరిమితం కాదు. ఆంధ్రరాజు జయసింహుడు కళింగ రాజపుత్రిక కనకలేఖను చెరపట్టాడు. జడధారి వేషంలో వచ్చిన మంత్రగుప్తుడు ఆ సరస్సులో స్నానం చేస్తే కొత్త దేహం లభిస్తుందని రాజును నమ్మిస్తాడు. అంతకుముందే ఒడ్డున రహస్యంగా ఒక బిలం తవ్వి ఉంచుతాడు. రాజు నీటిలో దిగగానే అతనిని చంపి, శవాన్ని బిలంలో దాచి, తానే కొత్త దేహం దాల్చిన రాజుగా గట్టెక్కుతాడు. రాజ్యం చేతులు మారుతుంది. గట్టుమీద కాపలా ఉన్నవారికి మాత్రం రాజు అతడే.

నీటి అంచున, పైకి కనబడని చోట, ఒకరి స్థానంలోకి మరొకరు రావడం ఈ కథ గుట్టు. పేరు పాతది, మనిషి కొత్తవాడు. ఇరవయ్యవ శతాబ్దపు కొల్లేటిలో భూమి చేతులు మారిన తీరుకు ఇంతకంటె దగ్గరి పోలిక మరొకటి దొరకదు. దండికి ఆ ఉద్దేశం ఉన్నదని చెప్పడం హాస్యాస్పదమే అవుతుంది. ప్రాచీన ప్రస్తావనను కేవలం ప్రశస్తిగా వాడుకొనే అలవాటు కథలోని అధికార సూత్రాన్ని ఎలా మరుగుపరుస్తుందో చూపడానికి మాత్రం ఈ ఉదాహరణ చాలు.

ఉప్పుటేరు ఐతిహ్యం మరింత సూటిగా ఉంటుంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏరులు తెచ్చిన నీటిని కొల్లేటి నుండి బంగాళాఖాతానికి చేర్చే ఏకైక మార్గం ఉప్పుటేరు. గజపతుల కాలంలో కొల్లేటికోటను పట్టడానికి వచ్చిన సేన, సరస్సులో నీరు దించితే తప్ప కోట లొంగదని తెలిసి ఈ ఏటిని తవ్వించిందని ఐతిహ్యం. ఆ సందర్భంలో ఒక సేనాని తన కుమార్తెను బలి ఇచ్చాడని, అందువల్ల ఆ కాలువకు 'పేరంటాల కనుమ' అన్న పేరు వచ్చిందని చెబుతారు. బలి ఇచ్చినవాడు ఏ పక్షం వాడన్న విషయంలో కథనాలు ఏకీభవించవు. చారిత్రకత ఎంత అన్నది వేరే చర్చ. కథ కట్టినవారికి తెలిసిన సత్యం ఒకటున్నది: ఈ సరస్సును గెలవడమంటే నీటిమట్టాన్ని మార్చడమే, మట్టం మార్చినప్పుడు మూల్యం చెల్లించేది నిర్ణయం చేసినవారు కారు. పేరంటాలుగా పూజలందుకొన్న ఆ పిల్లకు కోటతోగాని, సేనతోగాని సంబంధం లేదు.

లంక, పర్రు, పట్టా

కొల్లేటి గ్రామాల పేర్లలోనే భూవినియోగ చరిత్ర నిక్షిప్తమై ఉంది. నీటి నడుమ మెరకగా నిలిచిన చోటు లంక. పల్లపు చిత్తడి నేల పర్ర. పులపర్రు వంటి గ్రామనామాలలో అదే ఉత్తరపదంగా నిలిచింది. ఇవి నీటికి, నేలకు మధ్య గీత గీయని మాటలు. పర్ర ఒక ఋతువులో నీరు, మరొక ఋతువులో మేతబీడు, ఇంకొక ఋతువులో వరిచేను. దీనికి భిన్నంగా రెవెన్యూ పరిభాష స్థిరత్వాన్ని కోరుతుంది. జిరాయితీ, డి-పట్టా, పోరంబోకు అన్న విభజనలో ఋతువుకు చోటు లేదు. ఒక సర్వే నంబరు ఏడాది పొడవునా ఒకటే అయి ఉండాలి.

ఈ రెండు పరిభాషల ఘర్షణ డెల్టా నీటిపారుదలతో మొదలయింది. 1850ల నాటికి ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టలు పూర్తయ్యాయి. ఆ కాలువలు పారించిన మాగాణి తన మురుగు నీటిని పల్లానికి వదిలింది. ఆ పల్లం కొల్లేరు. ఎగువ రైతుకు మురుగు ఎంత త్వరగా దిగితే అంత మేలు. సరస్సు గర్భంలో సాగుచేసే రైతుకు ఆ మురుగే ముంపు. అభివృద్ధి చరిత్రలో ఆనకట్ట అన్నదాతగా కీర్తింపబడుతుంది, అందుకు కారణమూ ఉంది. కొల్లేటి లంకలో నిలబడి చూసేవానికి మాత్రం అది ఎగువవాని చేనుకు భద్రత, దిగువవాని చేనుకు అభద్రత కలిగించిన ఏర్పాటు. సరస్సు గర్భంలో వరిసాగు ఎల్లప్పుడూ నీటితో పందెమే. పందెం ఓడిన ఏడు అప్పు మిగులుతుంది. ఆ అప్పు ఆ తరువాత చేపల చెరువుకు దారి తీసింది.

'కొల్లేటి జాడలు': జ్ఞాపకం ఎవరిది?

అక్కినేని కుటుంబరావు రచించిన 'కొల్లేటి జాడలు' నవల ఈ చర్చకు కేంద్రం. పులపర్రు నేపథ్యంగా, గత శతాబ్ది మధ్యకాలపు కొల్లేటి జీవితాన్ని బాల్యస్మృతిగా చెప్పిన నవల ఇది. దీనికి వసంత కన్నబిరాన్ చేసిన ఆంగ్లానువాదం 'సాఫ్ట్లీ డైస్ ఎ లేక్' అన్న పేరుతో వెలువడింది. రెండు శీర్షికల మధ్య దూరం గమనార్హం. ఆంగ్ల శీర్షికలో సరస్సు కర్త. అది మెల్లగా మరణిస్తుంది. చంపినవారు శీర్షికలో లేరు, చప్పుడూ లేదు. తెలుగు శీర్షికలోని 'జాడ' అన్న మాట అటువంటిది కాదు. జాడ అంటే అడుగుల గుర్తు. దొంగను పట్టడానికి ఉపయోగపడే ఆనవాలు కూడా. జాడ మిగిలినదంటే ఎవరో నడిచారనే అర్థం. నవలను పర్యావరణ విషాదంగా మాత్రమే స్వీకరించిన పఠనాలు ఆంగ్ల శీర్షిక స్వభావానికి దగ్గరగా ఉన్నాయి. తెలుగు శీర్షిక ఇచ్చిన అవకాశం ఇంకా మిగిలే ఉంది.

ఈ నవలకు ఉన్న పెద్ద బలం, అది సరస్సును దృశ్యంగా నిలపకపోవడం. పక్షులు, తామరలు, దోనెలు ఉన్న చోటు అయినా అక్కడ మనుషులు చూడడానికి కాదు, పనిచేయడానికి దిగుతారు. సరస్సు గర్భం వారికి పొలం. వరద వారి పంటకు, కొంపకు శత్రువు. అదే వరద తెచ్చే ఒండ్రు వారి చేనుకు బలం. కొల్లేటిని 'పక్షుల స్వర్గం' అనే పర్యాటక భాష నుండి తెలుగు వచనాన్ని విడిపించడంలో ఈ రచన చేసిన పని చిన్నది కాదు.

అయితే బలం ఉన్న చోటనే ఒక సమస్య కూడా ఉంది. నవలలో పోయిన లోకంగా స్మరింపబడే వరిసాగు కొల్లేరును మనిషి చేయి పడని కొల్లేరుగా పొరబడే వీలు ఉంది. వరిసాగు కూడా ఒక భూవినియోగమే. అది కూడా నీరు దిగాలని కోరుకొన్నదే. సరస్సు గర్భంలో దాళ్వా వేసే రైతుకు నీరు త్వరగా తీయాలి, గట్టు నిలవాలి, ఉప్పుటేరు పారాలి. వలపట్టే వడ్డీలకు నీరు నిలవాలి. నీరు ఎంతకాలం ఉంటే అంతకాలం వేట. ఒకే సరస్సుకు రెండు పంచాంగాలు ఉన్నాయి. ఈ రెండూ ఒకదానికొకటి ఎక్కడ ఎదురుపడతాయో అక్కడే కొల్లేటి సామాజిక కథ ఉంది. రైతు కుటుంబంలోని బాలుని జ్ఞాపకం సహజంగానే మొదటి పంచాంగాన్ని అనుసరిస్తుంది. రెండవది ఆ జ్ఞాపకానికి తెలియనిది కాదు, కాని దాని లోపలినుండి కథ నడవదు.

బాల్యస్మృతి అన్న ప్రక్రియకు సహజమైన ఒక పరిమితి కూడా ఇక్కడ పనిచేస్తుంది. పిల్లవానికి ఊరు ఒకటే. భూమి ఉన్న ఇల్లు, లేని ఇల్లు అన్న తేడా అతనికి తెలుస్తుంది. ఆ తేడా కాగితం మీద ఎలా నమోదవుతుందో తెలియదు. కౌలు, తాకట్టు, పాలు పెద్దల మాటలు. అందువల్ల జ్ఞాపకంలోని 'మన ఊరు'కు భూమి రికార్డు ఉండదు. ఆ తరువాతి దశాబ్దాలలో కొల్లేటిని మార్చిన శక్తులన్నీ సరిగ్గా ఆ రికార్డులోనే పనిచేశాయి. చేపల చెరువుల రాకను బయటి దురాశ దండయాత్రగా చూపే కథనాలన్నిటిలోనూ ఉండే లోటు ఇదే. దురాశ ఉన్నది నిజమే. లోపలివారు తలుపు ఎందుకు తీశారన్నది దురాశతో వివరింపబడదు.

సరస్సులో చెరువు

తలుపు తెరుచుకొన్న విధానం ఇది. 1970ల నుండి ప్రభుత్వం కొల్లేటి గర్భంలోని భూములను మత్స్యకారులు, దళితులు, ఇతర పేదలు సభ్యులుగా ఉన్న సహకార సంఘాలకు చేపల పెంపకం కోసం కేటాయించింది. ఉద్దేశంలో ఇది భూపంపకమే. ముంపుకు గురయ్యే వరిచేను పేదవానికి ఇవ్వలేని నిలకడ ఆదాయాన్ని చెరువు ఇస్తుందన్న ఆలోచనలోనూ అసంబద్ధత లేదు. కాని వరిసాగుకు, చేపల సాగుకు పెట్టుబడి స్వభావంలోనే తేడా ఉంది. వరికి శ్రమ ప్రధానం. చెరువు తవ్వడానికి యంత్రాలు కావాలి. బొచ్చె, శీలావతి పిల్లలు తెచ్చి వదలాలి. తవుడు, చెక్క నెలల తరబడి వేయాలి. పట్టిన చేపను ఐసులో పేర్చి లారీలలో బెంగాలు, అస్సాం సంతలకు పంపాలి. ఒక్క దిగుబడి చేతికి రావడానికి ముందే ఇంత అప్పు పుట్టాలి. చిన్న వాటా గల సభ్యునికి అంత అప్పు పుట్టదు. పుట్టేవానికి సంఘ సభ్యత్వం లేదు.

ఈ రెండు లోపాలూ ఒకదానిని మరొకటి పూరించుకొన్నాయి. సభ్యుడు పేరు ఇచ్చాడు, కౌలు తీసుకొన్నాడు. డెల్టా ఊళ్ల పెట్టుబడిదారు గట్టు వేశాడు. రికార్డులో చెరువు సంఘానిది, గట్టుమీద కాపలా పెట్టుబడిదారునిది. మంత్రగుప్తుని కథను ఇక్కడ మళ్లీ తలచుకోవడం అనివార్యం. ఒక తేడా మాత్రం ఉంది. జయసింహుడు మోసపోయాడు. సంఘ సభ్యుడు తెలిసే పేరు ఇచ్చాడు. ఎందుకంటే ఏడాదికి చేతికి వచ్చే ఆ కౌలు సొమ్ము, ముంపు చేను మీద అతను చూసిన దానికన్న నమ్మకమైనది. లంక గ్రామాలలో ఊరుమ్మడి చెరువుల కౌలును ఇంటింటికీ పంచుకొనే కట్టుబాటు కూడా ఏర్పడింది. దీనిని 'బినామీ' అన్న ఒక్క మాటతో తేల్చివేయడం విశ్లేషణ కాదు. సభ్యుని వైపు నుండి చూస్తే అది పేదవాడు తనకు దక్కిన ఏకైక ఆస్తిని, అంటే పేరును, అద్దెకివ్వడం.

ఆ తరువాత పొరుగు ఒత్తిడి పనిచేసింది. చెరువు గట్టు వరిచేను గట్టుకన్న ఎత్తు. అది వరదను తనలోనికి రానీయదు, పొరుగుచేనులోనికి తోస్తుంది. చెరువు నీటి ఊట చుట్టుపక్కల చేలను ఊబిగా మారుస్తుంది. రెండు ముంపులు చూసిన పొరుగు రైతు తన చేనునూ చెరువుకు ఇస్తాడు. ఇది అత్యాశ కథ కాదు; పక్కవాని నిర్ణయం తన నిర్ణయాన్ని మింగివేసిన కథ. 2001 ఫిబ్రవరి నాటి ఉపగ్రహ చిత్రాన్ని విశ్లేషించి 2004లో ప్రచురించిన ఒక అధ్యయనం, 245 చదరపు కిలోమీటర్ల సరస్సు ప్రాంతంలో సుమారు 42 శాతాన్ని చేపల చెరువులు ఆక్రమించినట్లు తేల్చింది. ఈ సంఖ్య కొల్లేటిని గూర్చిన రచనలలో తరచు ఉదహరింపబడుతుంది. ఉపగ్రహానికి గట్టు కనబడుతుంది. గట్టు వెనుక ఉన్న పేరు, కౌలు, అప్పు కనబడవు. వాటిని చూడవలసిన బాధ్యత వచనానిది.

భాషాపరంగా ఒక విషయాన్ని ఇక్కడ ఆగి చూడవలసి ఉంది. తెలుగు సంస్కృతిలో 'చెరువు' గౌరవనీయమైన మాట. సప్తసంతానాలలో తటాక నిర్మాణం ఒకటి. కాకతీయుల కాలపు శాసనాలు చెరువు తవ్వించినవారిని కీర్తించాయి. ఆ చెరువు గట్టు నీటిని ఊరందరి కోసం ఆపుతుంది. కొల్లేటి చెరువు గట్టు ఊరందరి నీటిని ఒకరి కోసం వేరుచేస్తుంది. ఒకే మాట రెండు వ్యతిరేక క్రియలకు పేరయింది. 'సరస్సులో చెరువు' అన్న పదబంధంలోని వింత, నిత్యవ్యవహారంలో ఎవరి చెవికీ తగలకుండా పోయింది.

అరణ్యం లేని అభయారణ్యం

1999 అక్టోబరులో జీ.ఓ. 120 ద్వారా సముద్రమట్టానికి 5 అడుగుల కాంటూరు వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర కొల్లేరు వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటింపబడింది. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా 901 చదరపు కిలోమీటర్లు గుర్తింపు పొందాయి. చెట్టు అరుదైన ఈ నీటిపల్లానికి 'అభయారణ్యం' అన్న పేరు, అటవీ శాఖ పాలన వచ్చాయి. పేరులో అరణ్యం లేకపోవడం చిన్న విడ్డూరం. పెద్ద విషయం 'అభయం'లో ఉంది. గూడబాతుకు ఇచ్చిన అభయం, అదే గీత లోపల జిరాయితీ పట్టా గల రైతుకు, డి-పట్టా గల దళితునికి, ఏ పట్టా లేని వలకానికి ఒకే రకమైన భయంగా పరిణమించింది.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ఈ భయాన్ని ఊహించకపోలేదు. అభయారణ్య పరిధిలోని హక్కులను విచారించే బాధ్యతను కలెక్టరుకు అప్పగించింది. హక్కుగల నేలను పరిధినుండి మినహాయించవచ్చు, హక్కును సేకరించవచ్చు, లేదా కొనసాగనివ్వవచ్చు. కాని హక్కు ఉన్నదని చెప్పేవారు రెండు నెలలలోగా నిర్ణీత నమూనాలో లిఖితపూర్వకంగా కోరాలి. సాహిత్య విద్యార్థికి ఈ నిబంధన ఆసక్తి కలిగించాలి. తాతల నాటి నుండి ఫలానా చోట మావు పెట్టుకొనే కుటుంబం తన హక్కును మాటలో, ఆనవాయితీలో, ఊరి కట్టుబాటులో భద్రపరచుకొన్నది. ఆ మౌఖిక హక్కు నమూనా పత్రంలోకి అనువదింపబడాలి. కౌలు తీసుకొన్న సంఘ సభ్యుడు ఏమని రాయాలి? నేల తనది అంటే చెరువు ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. చెరువు తనది కాదంటే నేలకు ఆధారం పోతుంది. లిఖిత, మౌఖిక సంప్రదాయాల వ్యత్యాసాన్ని జానపద విజ్ఞానంలో చర్చించే పరిశోధన దానిని ఇటువంటి చోటికి తీసుకురావడం అవసరం.

2006లో సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ జోక్యం అనంతరం 'ఆపరేషన్ కొల్లేరు' జరిగింది. యంత్రాలతోను, పేలుడు పదార్థాలతోను చెరువు గట్లు తెంచారు. సరస్సు మెల్లగా మరణించిందన్న రూపకానికి ఈ చప్పుడు పొసగదు. పర్యావరణ దృష్టితో ఆ చర్య అవసరాన్ని కాదనలేము: నీరు పారే దారి మూసుకొన్న సరస్సు వరదను ఆపలేదు, పక్షినీ నిలపలేదు. కాని గట్టు తెగినప్పుడు ఎవరు ఏమి పోగొట్టుకొన్నారన్నది వేరే లెక్క. యంత్రం, రుణం, సంత గల పెట్టుబడిదారు తన వ్యాపారాన్ని గీత అవతలికి మార్చుకోగలడు. పేరును అద్దెకిచ్చినవానికి పేరు తప్ప మార్చుకొనేది లేదు. అతని నేల మళ్లీ సరస్సు అయింది. ఆ సరస్సులో వల వేయడం అతని పిల్లలకు వచ్చునా అన్నది ఎవరూ అడిగిన ప్రశ్న కాదు. సంప్రదాయ వేటకు చోటు, చెరువుకు నిషేధం అన్న పాలనా విభజన ఒక తరం మధ్యలో జరిగిన మార్పును లెక్కలోకి తీసుకోదు.

2008లో రాష్ట్ర శాసనసభ అభయారణ్య పరిధిని 5వ కాంటూరు నుండి 3వ కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ నియమించిన అజీజ్ కమిటీ ఆ కుదింపును సమర్థించలేదు. తెంచిన గట్లు చాలా చోట్ల తిరిగి లేచాయి. ఈ వివాదమంతటా 'కాంటూరు' అన్న మాట లంక గ్రామాల నిత్యవ్యవహారంలోకి వచ్చి స్థిరపడింది. ఆంగ్ల సాంకేతిక పదం ఒకటి తెలుగు నోట ఇంత సహజంగా ఇమడడానికి కారణం దాని సాంకేతికత కాదు. ఒకప్పుడు 'పర్ర', 'మెరక' అన్న మాటలు చెప్పిన పనిని అది చెబుతున్నది, అదనంగా ఒక అధికారాన్ని మోస్తున్నది. పర్ర ఎక్కడ మొదలవుతుందో ఊరు చెప్పేది. 5వ కాంటూరు ఎక్కడ మొదలవుతుందో సర్వే రాయి చెబుతుంది.

'కొల్లేటి జాడలు' నవలను ఈ పరిభాషల సరసన నిలిపి చదివినప్పుడు దాని విలువ తగ్గదు. దాని స్థానం స్పష్టమవుతుంది. గట్టు, ముంపు, ఒండ్రు అన్న మాటలు చెలామణిలో ఉన్న దశకు అది సాక్ష్యం. సంఘం, కౌలు, బినామీ, కాంటూరు అన్న మాటల దశకు అంత విస్తృతమైన కథనం, వలపట్టే ఇంటి లోపలినుండి గాని, సంఘం పుస్తకంలో సంతకం లేదా వేలిముద్ర వేసిన దళిత సభ్యుని ఇంటినుండి గాని ఇంకా రావలసి ఉంది. ఆ సామగ్రి లేకపోలేదు. పేరంటాల కథను వేర్వేరు పక్షాలుగా చెప్పే లంకల వృద్ధుల మాటలలోను, చెరువు వేలం నాటి ఊరి తీర్మానాలలోను, హక్కు కోరుతూ కలెక్టరు కార్యాలయానికి చేరిన అర్జీలలోను అది ఉంది. వీటిలో అర్జీ అన్నది సాహిత్య విమర్శ ఇంతవరకు ప్రక్రియగా గుర్తించని రచన. 'అయ్యా' అని మొదలై తాత పేరు, సర్వే నంబరు, మునిగిన సంవత్సరం చెప్పి వేలిముద్రతో ముగిసే ఆ ఒక్క పుట కాగితంలో, నీరు ఎంతవరకు ఉండేదో, నేల ఎక్కడ మొదలయ్యేదో రాసేవాని మాటలోనే నమోదై ఉంటుంది.